లాండ్రీ వెనక బావి

మా తమ్ముడి భార్య జ్వరంతో పోయింది. అప్పటినుంచి వాడు ప్రార్థన చేస్తూనే ఉన్నాడు గానీ అవతలినుంచి ఉలుకూ పలుకూ లేదట. అంతకుముందు వాడికి దేవుడితో పక్కింటివాడితో ఉన్నంత చనువు. ఏ పని ఒప్పుకోవాలన్నా మోకాళ్లమీద అడిగేవాడు, లేచి "సరేనన్నాడన్నా" అనేవాడు. నాకంత చనువు లేదు. ఆదివారం చివరి బల్లమీద కూర్చుని కునికేవాణ్ణి. ఆమె పోయాక అదీ మానేశాను. సంఘమంతా ఉపవాసముండి అడిగితే ఇవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే వెళ్లి పలకరించేదేముంది?

పాస్టరుగారు వచ్చి, చీకట్లోనే విశ్వాసం తేలేది అని చెప్పి, టీ తాగి వెళ్లారు. మంచివాడే. ఆయన భార్య బతికే ఉంది.

మా ఇద్దరి పనీ పాత బావుల్లో పూడిక తీయడం. చాలాకాలం మూతేసి ఉంచిన బావిలో గాలి చచ్చిపోతుంది. అందుకని ముందు తాడుకు లాంతరు కట్టి దింపుతాం. వెలుగుతుంటే మనిషి దిగుతాడు, ఆరితే దిగడు. నాలాంటి చదువురానివాడికి కూడా అర్థమయ్యే సంగతి.

ఈమధ్య వాడు లాంతరు దింపకుండానే దిగిపోతున్నాడు. బద్ధకమనుకుని తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కిందటి పనిలో మాత్రం వాడు గట్టుమీద నిలబడి గొణగడం విన్నాను. "నేను కావాలంటే పైకి తీసుకురా. అక్కర్లేదంటే అక్కడే ఉంచెయ్."

అది విన్నాక మళ్లీ వాణ్ణి బావి దగ్గరికి తీసుకెళ్లాలంటే నాకు మనసొప్పలేదు. కానీ వేరే పని మాకు రాదు.

ఇవాళ్టి బావి ఒక లాండ్రీ వెనక పెరట్లో ఉంది. తీగలమీద తడి దుప్పట్లు కదలకుండా వేలాడుతున్నాయి. ఇద్దరం కలిసి ఇనుప మూత పక్కకు లాగాం. లోపలినుంచి ఒక్క దోమ కూడా లేవలేదు.

"తాడు పట్టన్నా" అన్నాడు తమ్ముడు.

"ముందు లాంతరు."

"ఎందుకన్నా, టైం దండగ."

"నీకేమైనా రైలుందా?"

లాంతరు సగం దాకా బాగానే వెలిగింది. ఆ తర్వాత ఎవరో రెండు వేళ్లతో వత్తిని నలిపినట్టు ఆరిపోయింది. పైకి లాగి, వెలిగించి, మళ్లీ దింపాను. అదే చోట ఆరింది.

"చమురు తక్కువేమో చూడవయ్యా" అన్నాడు లాండ్రీ ఆయన.

"మీరు దిగండి సార్, చమురు నేను పోస్తా."

ఆయనకు లోపల ఏదో పని గుర్తొచ్చింది.

తమ్ముడు అప్పటికే తాడు నడుముకు కట్టుకుంటున్నాడు. "నేను దీపాన్ని అడగట్లేదు. ఆయన్ని అడుగుతున్నా. ఉన్నావా అని. ఇంట్లో అడిగా, చర్చిలో అడిగా, సమాధి దగ్గర అడిగా. ఇక్కడైతే పలక్క తప్పదు."

"ఒరేయ్, నిన్ను చంపి పలుకుతాడా?"

"అదీ జవాబే కదన్నా."

నవ్వుతూ అన్నాడు. ఇవాళ నేను ఆపగలను. నేను పక్కన లేని రోజొకటి వస్తుంది, ఆ రోజు ఇంకో బావి ఉంటుంది. వాడి నడుముకున్న తాడు విప్పి నా నడుముకు కట్టుకున్నాను. కొస వాడి చేతిలో పెట్టాను.

"నేను దిగుతా. నువ్వు ఆయన్నడుగు. వద్దంటే లాగు. పలక్కపోతే వదిలెయ్."

"పిచ్చెక్కిందా అన్నా?"

"నీకెక్కితే భక్తి, నాకెక్కితే పిచ్చా?"

గోడలో దిగేసిన ఇనుప మెట్లమీద దిగాను. రెండడుగులు వెయ్యకముందే లాగేస్తాడనుకున్నాను. లాగలేదు. లాంతరు ఆరిన చోటికి నా పాదాలు చేరాయి, తర్వాత నడుము, తర్వాత భుజాలు. వాసన లేదు. గాలి మాత్రం తడిదుప్పటిలా బరువుగా ఉంది. పైకి చూస్తే గుండ్రటి ఆకాశంలో వాడి తల. పెదాలు కదులుతున్నాయి.

నిజంగానే అడుగుతున్నాడు. జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ జవాబు చెప్పాల్సినాయన సంగతి నాకు తెలుసు.

చెవుల్లో హోరు మొదలైంది. అరుద్దామంటే ఊపిరి లేదు. ప్రభువా అనుకున్నానో, తమ్ముడా అనుకున్నానో తెలియదు. చెయ్యి జారింది.

పక్కటెముకలు పట్టేసినట్టు తాడు బిగుసుకుంది. గట్టురాయికి గడ్డం గీరుకుపోయింది. వెల్లకిలా పడ్డ నన్ను వాడు చెంపలమీద కొడుతున్నాడు. "ఒరేయ్, కళ్లు తెరవరా! వదినకేం చెప్పను రా!" పుట్టి బుద్ధెరిగాక నన్ను ఒరేయ్ అనడం అదే మొదలు.

ఊపిరి అందాక అడిగాను. "ఏమన్నాడు?"

"ఎవరు?"

"ఆయన."

వాడు బావిలోకి చూశాడు. "ఏమీ అనలేదు. నీ తల వాలిపోయింది. లాగేశా."

"అనుమతి లేకుండానే?"

"నీ తల వాలిపోతే ఎవర్నడుగుతారన్నా!"

"అయితే నువ్వు దిగేటప్పుడు నేనూ ఎవర్నీ అడగను. తాడు విప్పి పారేసి, కాళ్లు కట్టేసి ఇంటికి మోసుకెళ్తా."

వాడు చాలాసేపు ఏడ్చాడు. ఏడుస్తూనే నా నడుముకున్న ముడి విప్పాడు. "లోపలింకా చీకటిగానే ఉందన్నా."

"ఉండనీ. మూత అటు పట్టుకో."

మూత కీచుమంటూ కదిలింది. అవతలివైపు వంగిన వాడి నోట్లోంచి మాటలు వినిపించాయి. "అన్న గడ్డం చీరుకుపోయింది ప్రభువా. రక్తం ఆగట్లేదు. వదిన తిడుతుంది." దేన్నీ అడగడంలేదు. ఊరికే చెబుతున్నాడు.

ఎవరూ పలకలేదు. వాడు మాత్రం ఆపలేదు.