పురుగు కొట్టిన కోటు

మెట్ల కింద నాలుగడుగుల చోటు. అందులో ఒక బల్ల, ఒక స్టూలు, ఒక దీపం, గోడకి వీపు ఆనించి ఒక ముసలాయన. అందరూ ఆయన్ని రఫూ తాత అంటారు. చిరిగిన బట్టలోంచే కనపడని చోట దారం లాగి, ఆ దారంతో పోగు మీద పోగు అల్లి, చిరుగు అసలు పుట్టనే లేదన్నట్టు చేయడం రఫూ పని. నలభై ఏళ్లుగా ఆయన చేసేది అదొక్కటే. మాట తక్కువ. సూది ఆడుతుంటే నోరు కూడా ఆడాలా అన్నట్టుంటాడు.

ఆయనకొక పద్ధతి ఉంది. బట్ట చేతికి రాగానే తిరగేసి మడిచి బల్ల కింద పెడతాడు. పేరు రాయడు. ఎవరిదో, ఎక్కడ చిరిగిందో రెండో మనిషికి చెప్పడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆయనకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఈమధ్య జనం బట్ట చిరిగితే పారేస్తున్నారు. వారానికి రెండొస్తే గొప్ప. ఒకరోజు మేడ యజమాని వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"తాతా, నీకేమో పని లేదు, నాకేమో చోటు లేదు. ఫోన్ కవర్లవాడు అడుగుతున్నాడు. నెలాఖరు దాకా చూస్తా. మనుషులు రాకపోతే మాత్రం ఏమనుకోకు."

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన కోడలికి ఆ సంగతి తెలిసింది. ఆమె రోజూ వచ్చి, తాత చేసిన బట్టలకి ఇస్త్రీ పెట్టి వెళుతుంది. చురుకైన మనిషి.

"మామయ్యా, మనం ఇక్కడున్నట్టు ఎవరికి తెలుసు? మీకు తెలుసు, మెట్లకి తెలుసు. ఫోన్లో పెడదాం."

"పెట్టు" అన్నాడు తాత. ఏం పెడతావని అడగలేదు. ఆయన పొరపాటు అదే.

ఆ వారం ఒక గుమాస్తా కోటు వచ్చింది. జేబు పక్కన పురుగు కొట్టి మూడు రంధ్రాలు. తాత పని మొదలుపెట్టకముందు కోడలు ఒక ఫోటో తీసింది, పూర్తయ్యాక ఇంకోటి తీసింది. రెండూ పక్కపక్కన పెట్టి 'మెట్ల కింద మా మామయ్య పనితనం' అని రాసి వదిలింది.

చాలామంది నమ్మలేదు. రెండోది వేరే కోటన్నారు. మోసమన్నారు. కాదన్నవాళ్లూ ఉన్నారు. రెండు వైపులవాళ్లూ జుట్టూ జుట్టూ పట్టుకుంటే, ఆ తగువు చూడ్డానికి ఊరంతా చేరింది. నాలుగు రోజుల్లో నలభై వేలమంది చూశారు. మెట్ల మీద మనుషులు వరసగా నిలబడ్డారు. ఫోటో ఎందుకు పాకిందో తాతకి అర్థం కాలేదు. చేతికి పని వచ్చింది, చేసుకుంటూ పోయాడు.

అయిదో రోజు గుమాస్తా వచ్చాడు. వరస తప్పించుకుని నేరుగా బల్ల దగ్గరికొచ్చాడు.

"తాతా, నా కోటు ఫోన్లోకి ఎలా ఎక్కింది?"

తాత సూది ఆపాడు. కోడలు అందుకుంది.

"మీ పేరు పెట్టలేదండీ అన్నయ్యగారూ. మొహం కూడా లేదు."

"లోపలి అస్తరు ఉందిగా అమ్మా, చిలకాకుపచ్చ! రోజూ కుర్చీకి తగిలిస్తాను. ఆఫీసులో అది ఎవరికి తెలీదు?" అతని గొంతు తగ్గింది. "అది మా బావమరిది పాత కోటు. కొత్తగా కొన్నానని చెప్పుకున్నా. నిన్న ఒకాయన అందరి ముందూ ఫోన్ తీసి, 'కొత్త కోటుకి అప్పుడే పురుగు పట్టిందేంటి గురూ?' అన్నాడు. టీ ఇచ్చేవాడితో సహా నవ్వారు."

కోడలు తల దించుకుంది.

"ఇరవై ఏళ్లుగా వస్తున్నా. మా ఆవిడకి తెలియని చిరుగులు కూడా నీకు తెలుసు తాతా" అని మెట్ల వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తాత సూదిని దారపు ఉండకి గుచ్చాడు. తర్వాత "తీసెయ్" అన్నాడు.

"మామయ్యా, ఈ జనమంతా దాన్ని చూసే వస్తున్నారు. తీసేస్తే మళ్లీ మీరూ మెట్లూనే. నెలాఖరుకి పదకొండు రోజులే ఉన్నాయి. అస్తరు కనపడకుండా కత్తిరించి ఉంచుతా."

"కోటు ఎవరిది?"

"ఆయనదే."

"చిరుగు?"

"ఆయనదే."

"మరి?"

కోడలు వేలితో ఒకసారి నొక్కింది. "పోయింది. ఇక మనం కూడా కవర్లు అమ్ముకుందాం" అని క్యారియర్ సర్దుకుంది.

ఆమె అన్నంతా అయింది. మూడు రోజుల్లో వరస పలచబడింది. నాలుగో రోజు తాత ఇంటి దగ్గర్నుంచి ఒక మూట తెచ్చాడు. అందులో బూడిద రంగు కోటు.

"ఫోన్ తియ్" అన్నాడు.

కోడలు ఫోన్ నిలబెట్టి వీడియో నొక్కింది. తాత కోటు పరిచి, కత్తెర తీసుకుని, సరిగ్గా గుండెల మీద బొటనవేలంత ముక్క కత్తిరించేశాడు.

"అయ్యో అయ్యో! అది మా పెళ్లికి మీరు కుట్టించుకున్న కోటు మామయ్యా!"

"నాదేగా" అన్నాడు తాత, సూదిలో దారం ఎక్కిస్తూ.

రెండు గంటలు పట్టింది. ఫోన్ కదలలేదు, తాత తల ఎత్తలేదు. అయిపోయాక కోడలు కోటు వెలుతురుకి పట్టుకుని వెతికింది, వేలితో తడిమింది. చివరికి తాతే తిరగేసి లోపలివైపు చూపించాల్సి వచ్చింది.

ఆ రెండు గంటలూ గబగబా పరిగెత్తేలా చేసి, కేక మాత్రం ఉన్నదున్నట్టు ఉంచి, ఆమె మళ్లీ పెట్టింది. మొదటిదాన్ని చూసినవాళ్లలో పదోవంతు కూడా దీన్ని చూడలేదు. అయితే మోసమని ఎవరూ అనలేదు. 'ఆ అరిచినావిడ ఎవరండీ?' అని మాత్రం చాలామంది అడిగారు.

నెలాఖరున యజమాని వచ్చాడు. మెట్ల మీద నలుగురు ఉన్నారు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, "సరే, వచ్చే నెల కూడా ఉండు. తర్వాత చూద్దాం" అని వెళ్లాడు.

ఆ సాయంత్రమే గుమాస్తా కూడా వచ్చాడు. చేతిలో సంచి ఉంది. బల్ల మీద పెట్టలేదు.

"ఫోన్ ఎక్కడుందమ్మా?"

కోడలు దారపు ఉండల రేకు డబ్బా మూత తీసి చూపించింది. అడుగున ఫోన్. "ఎవరి బట్ట వచ్చినా అది అందులోకి వెళ్లాల్సిందే. మామయ్య ఆర్డరు."

గుమాస్తా అప్పుడు సంచి విప్పాడు.

"ఆఫీసులో నా కోటు బల్ల మీద పరిచి భూతద్దం పెట్టి వెతికారు తాతా. ముగ్గురు వెతికారు, రంధ్రాలు ఎక్కడుండేవో దొరకలేదు." సంచిలోంచి ఒక కోటు తీశాడు. అతనిది కాదు, ఖరీదైన గుడ్డ. మోచేతి దగ్గర కాలిన మచ్చ. "నవ్వినవాళ్లలో ఒకాయనది. ఎవరిదో అడక్కు, చెప్పను."

"చెప్పకు" అన్నాడు తాత. కోటు తిరగేసి మడిచి, బల్ల కింద పెట్టాడు.