కింది మెట్ల దాకా

ఆ శనివారం పొద్దున మెట్లు ఊడ్చే వంతు స్వెన్యాది. ఆ మేడలో నాలుగు కాపురాలు. వంతు బోర్డు ఎవరి తలుపుకు వేలాడితే ఆ వారం వాళ్ళు ఊడ్చి తుడవాలి. వంతు ఇంట్లో అందరిదీ అయినా, చీపురు పట్టేది మాత్రం ఎప్పుడూ ఆమే. పై మెట్టు దగ్గర మొదలుపెట్టిందో లేదో, లోపలి నుంచి భర్త హోల్గర్ కేకేశాడు. "నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?" వెతికిచ్చి వచ్చి, ఎక్కడిదాకా ఊడ్చిందో గుర్తులేక మళ్ళీ పై మెట్టు నుంచి ఎత్తుకుంది. ఐదు మెట్లు దిగేసరికి మళ్ళీ కేక. "స్వెన్యా, పాలు పొంగుతున్నాయ్!" పొయ్యి పక్కనే నిలబడి అరుస్తున్నాడు మహానుభావుడు. దించి వచ్చి మళ్ళీ పైనుంచే మొదలుపెట్టింది.

కింది వాటాలో ఉండే అత్తగారు ఇర్మ్‌ట్రౌట్ తల బయటపెట్టింది. "ఏమ్మాయ్, నీ గుమ్మం ముందు మెట్లు అద్దాల్లా మెరుస్తాయి. నా గుమ్మం ముందు మెట్లకి చీపురు తగిలి ఎన్నాళ్ళయిందో! ప్రతిసారీ పైనే మొదలెడతావు, కింది దాకా రానే రావు."

ఎప్పటిలాగే విననట్టు ఊరుకోబోయింది స్వెన్యా. కానీ ఆ చివరి మాటకి ఆఫీసులో తను పరీక్షించిన కంట్రోలర్ గుర్తొచ్చి, మెట్టు మీదే కూలబడింది.

ఆమె పని ఫ్యాక్టరీల్లో ఇనప రేకులను నొక్కే పెద్ద ప్రెస్సుల మోటార్లను నడిపే కంట్రోలర్లను పరీక్షించడం. ఆ పెట్టె మోటారు తిప్పుతూనే, మధ్యమధ్యలో తన మెమరీని ముక్కముక్కగా చదువుకుంటూ ఉండాలి. ఒక్క అంకె చెడినా మోటారును భద్రంగా ఆపేయాలి. మొత్తం ఒకసారి చదవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అయితే ప్రెస్సు తలుపు తీసి మూసినప్పుడల్లా ఆ చదువు మళ్ళీ మొదటి ముక్క నుంచి మొదలవుతుంది. పనివాళ్ళు పది నిమిషాలకోసారి తలుపు తీస్తారు. అంటే చివరి ముక్కల దాకా అది ఏనాడూ పోలేదు. తలుపు తీసి మనిషి చెయ్యి లోపల పెట్టినప్పుడు ప్రెస్సు ఎంత నెమ్మదిగా కదలాలో చెప్పే అంకె ఉన్నది ఆ చివర్లోనే. కరెంటు తీసి పెడితే, మోటారు తిప్పే పని ఇంకా ఉండదు కాబట్టి, మొదట్లోనే క్షణాల్లో మెమరీ అంతా చదువుకుంటుంది, నిజమే. కానీ మూడు షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీలో కరెంటు తీసేదెవరు? ఆ పెట్టెలు బిగించిన ఆరు ప్రెస్సులకీ జనవరి నుంచి ఒక్కసారీ కరెంటు తీయలేదు. ప్రోగ్రామ్ రాసింది పై అధికారి బ్రాయ్‌నింగ్. ఇద్దరు చూడందే ఏ కాగితమూ బయటికి పోకూడదన్న నియమం ప్రకారం రెండో సంతకం పెట్టింది తను. అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిన తొందరలో, చివరి పేజీలు చదవకుండానే పెట్టింది. ఎనిమిదేళ్ళలో ఆమె ఏ సందేహం ఎత్తినా బ్రాయ్‌నింగ్ నవ్వేవాడు. "ఇస్త్రీపెట్టె ఆపానా లేదా అని సగం దారిలోంచి వెనక్కెళ్ళే రకం మీరు," అనేవాడు. బల్ల చుట్టూ ఉన్న మగవాళ్ళంతా నవ్వేవారు. తనూ నవ్వేది, సిగ్గులేకుండా.

మెట్టు మీదినుంచే అతనికి ఫోను చేసింది.

"శనివారం కూడా వదలరా నన్ను?" అన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాక గొంతు మారింది. "సోమవారం చూద్దాం. ఈలోగా ఎక్కడా నోరు జారకండి. రెండో సంతకం మీదేనని గుర్తుందిగా? పొక్కిందంటే ముందు అడిగేది మిమ్మల్నే."

ఫోను పెట్టేశాడు. ఉద్యోగం పోతుంది. కేసు కూడా పెడతారేమో. హోల్గర్ ఏమంటాడో వినకుండానే తెలుసు. "నీకెందుకీ తలనొప్పి అని ముందే చెప్పలేదూ?" అంటాడు. పైనుంచి పిలుస్తూనే ఉన్నాడు. ఈసారి పలకలేదు. ఫ్యాక్టరీలో షిఫ్టు పెద్ద నెర్మిన్ నెంబరు నొక్కింది.

"నెర్మిన్ గారూ, నేను స్వెన్యాని. లోపల ఎవరి చేతులూ లేకుండా చూసి, ఆరు ప్రెస్సులకీ కరెంటు తీసేసి మళ్ళీ పెట్టండి. ఇప్పుడే."

"ఆరూనా? మావాళ్ళు నన్ను చంపుతారండీ! ఎవరు ఆపమన్నారని రాయను, బ్రాయ్‌నింగ్ గారా?"

"కాదు. నేను ఆపమన్నాను. నా పేరే రాయండి."

ఫోను పక్కన పెట్టి నెర్మిన్ వెళ్ళింది. యంత్రాల హోరు కొంచెం కొంచెంగా తగ్గి, పూర్తిగా ఆగింది. తర్వాత ఒక్కొక్క ప్రెస్సూ మళ్ళీ మొదలైంది. స్వెన్యా లెక్కపెట్టింది. ఐదు. ఆరోది వినపడలేదు.

"స్వెన్యా గారూ..." నెర్మిన్ మళ్ళీ ఫోను అందుకుంది. "నాలుగో ప్రెస్సు లేవడం లేదండీ. ఎర్ర దీపం వెలిగింది. మెమరీ చివరి ముక్కలో తప్పుందని చూపిస్తోంది."

"దాని మీద ఎవరు పనిచేస్తున్నారు?"

"దాని మనిషి ఇవాళ రాలేదు. మీ ఫోను వచ్చినప్పుడు చెయ్యి లోపల పెట్టి ఉన్నది నేనేనండీ."