ఉతికేసిన యూనిఫాం

మంత్రిగారి మనుషులు మా చెల్లిని మాయం చేస్తారేమోనన్నదే నాకున్న పెద్ద భయం.

చెల్లి ఒక హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు మార్చడానికి అక్కడ దిగిన మంత్రిగారి గదికి వెళ్తే, ఆయన గడియపెట్టి దానిమీద బలాత్కారం చేశాడు. అది ఏడుస్తూ కిందికి వచ్చి, చేతికున్న అలవాటు కొద్దీ మరక ఆరకముందే యూనిఫాం చన్నీళ్లలో నానేసి ఉతికేసింది.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "సాక్ష్యం నువ్వే ఉతికి ఆరేశావు కదమ్మా! ఇక మేమేం పిండుకోవాలి?"

"మరక కనబడితే నా చేతులు ఆగవు సార్," అంది చెల్లి.

నిన్న కేసు మూసేశారు. ఈ ఉదయం చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, కింద కారు ఆగుంది. అందులోవాళ్లు నా కిటికీ వంకే చూస్తున్నారే."

"ఎవరొచ్చినా తలుపు తీయకు. నేనొస్తున్నా," అన్నాను.

కానీ నా చంటిదానికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. దాన్ని ఎవరికీ అప్పజెప్పలేక, ఎత్తుకుని బయటికి రాలేక ఇక్కడే చిక్కుకుపోయాను. చెల్లేమో ఫోన్ ఎత్తడం లేదు.

హోటల్ వెనక సందులో, సైకిల్ షాపు మీది గదిలో ఉంటుంది. దగ్గర్లో ఉన్నవాళ్లు ఒక్కసారి వెళ్లి చూడండి. అక్క పంపిందని చెబితే తలుపు తీస్తుంది.