మధ్యలో ఆపిన ఐదు

చోటు లేదట, మళ్ళీ చోటు లేదట, మూడు వందల జీబీ ఖాళీగా పడి ఉంటే నీకు కళ్ళు కనపడట్లేదా అని కంప్యూటర్‌ని తిడుతున్నాను, ఎవరో పెళ్ళి, ఎవరి పాపవో మొదటి అడుగులు, వచ్చి తీసుకెళ్ళిన వాళ్ళవన్నీ చెరిపేశాను, అయినా ఫైలు మార్చమని నొక్కగానే డిస్క్ నిండింది అని అదే పాట, పన్నెండేళ్ళుగా పాత టేపులు కంప్యూటర్లోకి ఎక్కించి బతుకుతున్నదాన్ని, ఇన్నాళ్ళూ ఎక్కించనిది మా ఇంటి టేపు ఒక్కటే, దాన్ని పంతొమ్మిదేళ్ళు బీరువాలో బట్టల అడుగున దాచి కెమెరా టేపుతో సహా ఏట్లో కొట్టుకుపోయిందని అమ్మకు చెప్పాను, అమ్మ నమ్మింది, మొన్న బీరువా సర్దుతూ తనే బయటికి తీసి, ఇందులో బుడ్డోడు ఉన్నాడా అంది, అంతే, ఇంకేం అడగలేదు, నా ఫోన్లో ఎక్కించి పెట్టు, శనివారం నాలుగింటికి షాపుకొస్తానంది. ఇవాళ శనివారం, మూడుంపావు అయింది.

బూజు పట్టిన టేపు ఎక్కిస్తుంటే ఒక్కసారి ఆడి పుటుక్కున తెగింది, మిగిలింది కంప్యూటర్లోని ఈ పెద్ద ఫైలే, ఫోన్లో ఆడాలంటే మార్చక తప్పదు, పోనీ పాడైపోయిందని చెబితే, చెప్పగలను, అబద్ధం చెప్పడం నాకు కొత్తా, తమ్ముడు ఏట్లో మునిగిపోయిన రోజు ఒడ్డున అమ్మ తడి బట్టలతోనే అడిగింది, బుడ్డోడు నిన్ను పిలవలేదా అని, లేదమ్మా అన్నాను, నాకు పదహారు, వాడికి తొమ్మిది. భయమేసింది, అందుకే అన్నాను.

నాకు పని నేర్పిన మేస్టారికి ఫోన్ చేస్తే నవ్వారు, పెద్ద డిస్క్ ఊడ్చి ఏం లాభమమ్మా, పని జరిగేది చిన్నదాంట్లో, అక్కడ టెంప్ ఫోల్డర్ చూడు, మధ్యలో ఆపేసినవన్నీ అక్కడే పేరుకుంటాయి, అయినా నువ్వు పని మధ్యలో ఆపే మనిషివి కాదే, కాను సార్ అన్నాను, ఫోల్డర్ తెరిస్తే ఐదు ఫైళ్ళు, ఐదూ పొద్దున నేను ఆపినవే, రంగు బాలేదని ఒకసారి, శబ్దం సరిచూద్దామని ఒకసారి, తర్వాత సాకులు కూడా వెతుక్కోలేదు, ఒకటి తెరిచాను, మడమల లోతు నీళ్ళలో బుడ్డోడు, గులకరాయి చూపిస్తూ నవ్వి ఆగిపోయాడు, ఇంకోటి తెరిచాను, అదే రాయి, అదే నవ్వు, ఐదింటిలోనూ వాడి జుట్టు పొడిగానే ఉంది. ఇవి చెరిపితేగానీ మొత్తం ఫైలుకి చోటు రాదు.

ఒక్కొక్కటే చెరిపాను, ఐదోదానికి చెయ్యి రాలేదు, తర్వాత దాన్నీ చెరిపాను, మార్చమని నొక్కాను, ముప్ఫై శాతం, యాభై, పక్కన చిన్న కిటికీలో ఏరు, మెట్ల మీద చెప్పుల చప్పుడు, అమ్మ ఎప్పుడూ ముందే వస్తుంది, డెబ్బై మూడు, గులకరాయి, ఇక్కడే నా చేతిలోని కెమెరా స్నేహితుల వైపు తిరుగుతుంది, ఆపు బటన్ మీద వేలు, తీశాను, బొమ్మలో వాడు లేడు, గొంతే ఉంది, అక్కా, మళ్ళీ, అక్కా, ఆ వెంటనే నా గొంతు, ఉండరా బుడ్డోడా, వచ్చేస్తున్నా, ఆ తర్వాత నీళ్ళ చప్పుడు, ఎవరివో నవ్వులు.

వెనకే అమ్మ, ఎంతసేపట్నుంచి నిలబడిందో, పిలిచాడమ్మా, రెండుసార్లు పిలిచాడు, ఆట అనుకున్నాను అన్నాను, అమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది, తిట్టలేదు, ఏడవలేదు, పిలిచాడన్నమాట, నువ్వు పలికావన్నమాట అంది, ఎవరూ పలక్కుండానే పోయాడనుకున్నానే ఇన్నేళ్ళూ అంది, మళ్ళీ పెట్టు అంది, పెట్టాను, నన్ను నేను కాపాడుకోవడానికి దాచిన ఆ ఒక్క మాట కోసమే పంతొమ్మిదేళ్ళూ అమ్మ నిద్రపోలేదని నాకు అప్పుడు తెలిసింది.