అందనివాటి నంబర్లు

"లిస్టులో చెప్పి ఉంటే తెచ్చేవాణ్ణి కదా!" మా ఆయన ఈ మాట అనడం మూడోసారి.

"చెప్పాను నాన్నా. పన్నెండోది, బట్టల సబ్బు. చెప్తుండగానే ఫోన్ కట్టయింది."

"కట్టయిందని నాకేం తెలుసు? పదకొండుతో అయిపోయిందనుకున్నా."

"మొత్తం ఎన్నో వినకుండా ఎలా అనుకుంటావు? వినపడకపోతే నువ్వే అడగాలి. నానమ్మ ఎన్నిసార్లు చెప్పింది నీకు!"

"ఆ రూలు మీ నానమ్మది. ఆవిడతోనే పోయింది," అనేశాడు ఆయన.

మా అమ్మాయి సంచిలోంచి ఉల్లిపాయలు తీసి బుట్టలో వేసింది. నేను బియ్యం కడుగుతూనే ఉన్నాను. అత్తయ్య పోయి ముప్పై ఎనిమిది రోజులైంది. నాకింకా ఏడుపు రాలేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు నాది గుండె నిబ్బరమన్నారు. పళ్ళ డాక్టరు మత్తుసూది పొడిచాక మన పెదవి మనకే తెలీకుండా పోతుంది చూడండి, అలా ఉంది, అంతే.

అత్తయ్య ముప్పై ఏళ్ళు టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేశారు. కొండ అవతలి ఆఫీసుకి లైను రోజుకి గంటసేపే సరిగ్గా ఉండేదట. ఒక్కో తంతికీ "అందింది, అందింది" అనుకుంటూ కూర్చుంటే ఆ గంట దానికే సరి. అందుకని ఆవిడా, అవతలి గుమస్తా ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. పంపే తంతులకి వరుస నంబర్లు వెయ్యాలి. అందుకునేవాళ్ళు నోరెత్తకూడదు. చివర మొత్తం ఎన్నో చెప్తే, అందనివాటి నంబర్లు మాత్రం తిరిగి చెప్పాలి. పై అధికారులకి ఈ సంగతి తెలీదు. రిటైరయ్యాక ఆవిడ అదే పద్ధతిని మా సరుకుల లిస్టుకి తగిలించారు. పెళ్ళైన కొత్తలో దుకాణంలో నిలబడి "మూడు, తొమ్మిది అందలేదండీ" అని ఫోన్లో చెప్పాలంటే నాకు నవ్వాగేది కాదు.

ఫోన్ల కంపెనీలో నా ఉద్యోగమూ దాదాపు అదే. మనం ఒక నంబరు నొక్కగానే అవతల ఫోన్ మోగేలోపు టవర్లూ స్విచ్‌లూ తమలో తాము బోలెడు చిన్న సందేశాలు పంపుకుంటాయి. ప్రతి సందేశానికీ అందిందని జవాబు వెళ్తుంది. రద్దీ వేళల్లో సందేశాలకంటే జవాబులే లైను నింపేస్తాయి. అందనివాటి గురించే చెప్పుకునేలా మార్చి చూశాం. మధ్యలోవి పోతే పట్టుకోగలిగాం. చివరిది పోతే మాత్రం తెలిసేది కాదు. దాని వెనక ఏమీ రాదు, ఏమీ రాకపోతే అంతా బాగున్నట్టే లెక్క. అక్కడే ఎనిమిది నెలలు ఇరుక్కుపోయాం.

ఒక సాయంత్రం వంటింట్లో ఆ గోడు వెళ్ళబోసుకున్నాను. అత్తయ్య బీన్స్‌కి ఈనెలు తీస్తున్నారు.

"చివర ఎన్నో చెప్పరా మీరు?" అన్నారు తలెత్తకుండా.

"ఆ లెక్కే దారిలో పోతే?"

"పోతే అవతలివాడు ఊరుకుంటాడా? లెక్క రాలేదేమని వాడే అడుగుతాడు. అడగడం వాడి పనమ్మా, నీది కాదు."

నేను పొయ్యి కట్టేసి, గదిలోకెళ్ళి రాసుకున్నాను. అడిగే ముందు ఎంతసేపు ఆగాలి, రద్దీని బట్టి ఆ గడువు ఎలా మారాలి అన్నవి తేల్చడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. ఆ కష్టమంతా నాదే. మాట మాత్రం ఆవిడది.

ఇప్పుడు మా కంపెనీవాళ్ళు దానికి పేటెంటు అడుగుతున్నారు. ఫారంలో ఆవిష్కర్తల గడి ఉంది. దాని కింద, "పై వారు తప్ప ఈ ఆలోచనకు మరెవరూ కారకులు కారు" అని ఒక వాక్యం. వారం నుంచి ఆ ఫారం నా చేతిసంచిలోనే ఉంది.

మధ్యాహ్నం మేనేజర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, సంతకమొక్కటే కదా మిగిలింది? సోమవారం వేసేద్దాం. అది వెళ్తే విభాగం మీ చేతికే ఇస్తారు. పైన మాట అయిపోయింది."

"ఇంకో పేరు చేర్చాలంటే? టెలిగ్రాఫ్ ఆఫీసులో మా అత్తయ్య వాడిన పద్ధతే ఇది."

"బయటివాళ్ళదా? లాయర్లు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. పాత టెలిగ్రాఫ్ పద్ధతని మనమే రాసిస్తే అసలు దరఖాస్తే నిలబడకపోవచ్చు. ఎందుకండీ, చేతులారా?"

"చూస్తాను," అన్నాను.

శనివారమని మా మరిది రాత్రి భోజనానికి వచ్చాడు. బళ్ళో లెక్కలు చెప్తాడు. ఫోన్ సంగతి మా ఆయనే అతనికి చెప్పాడు.

"ఇది వింటే, సబ్బుల లిస్టుకి పేటెంటేంట్రా అని అమ్మే నవ్వేది," అన్నాడు మా ఆయన. "పదిహేనేళ్ళు గొడ్డులా చాకిరీ చేసింది మీ వదిన. నోటికాడికొచ్చిన కూడు కాలదన్నుకోవడం తప్ప ఇదేంటి?"

"అమ్మ ఉంటే మీ మేనేజర్‌నీ వరుసలో నిలబెట్టి నంబరు వేసేది వదినా," అన్నాడు మరిది. ఎవరూ నవ్వకపోయేసరికి అన్నంలోకి చూస్తూ, "నిజంగా అమ్మే చెప్పిందా?" అని అడిగాడు.

"ఆవిడే."

"అయితే మాత్రం!" మా ఆయన గొంతు పెంచాడు. "ఎవరడిగారు? పోయినావిడకి పేరెందుకు? నీ తలరాత నువ్వే చెరుపుకుంటానంటే ఎలా?"

నాకు కోపం రాలేదు. ఆయన నా మంచికే అంటున్నాడని తెలుసు. ఆ విభాగం నాకెంత కావాలో కూడా తెలుసు. అందరికీ మజ్జిగ పోసి, చెయ్యి తుడుచుకుని, సంచిలోంచి ఫారం తెచ్చి పళ్ళేలకి దూరంగా పెట్టాను.

"పొద్దునే రాసేశాను," అన్నాను. "అత్తయ్యగారి పేరు మొదట, నా పేరు తర్వాత. ఆవిడ తరఫున మీ అన్నదమ్ములిద్దరూ సంతకాలు పెట్టాలి. సోమవారానికి వెళ్ళదు. విభాగం ఇంకెవరికో ఇస్తారు. తినండి, తిన్నాక పెడుదురుగాని."