ఎడంచేతివాడి రాకెట్టు

తొమ్మిదింటికి షాపు తలుపు తీస్తే తొమ్మిదీ ఐదుకల్లా వాదన మొదలు. చిట్టి ఇంకా చీపురైనా పట్టుకోలేదు, అప్పుడే కుర్చీలో నాన్న, స్టూలు మీద మావయ్య, వాళ్ల మాటల మధ్యలో ఎప్పుడో ఆట మానేసి మనవల్ని ఎత్తుకుంటున్న ఇద్దరు టెన్నిస్ చాంపియన్లు. ఇద్దరిలో ఎవరు గొప్ప? నలభై ఏళ్లుగా తేలలేదు. తేలితే ఈ పెద్దమనుషులకి పొద్దెలా పోతుంది?

రాకెట్లకి తీగలు బిగించే షాపు అది. నాన్న పెట్టింది. ఆరేళ్ల కిందట చేతులు వణకడం మొదలయ్యాక ఆయన మిషన్ని కూతురికి అప్పగించి ముందు గదిలో కుర్చీకి మారాడు. ఇంట్లో ఈ రభస భరించలేక అమ్మ తన తమ్ముణ్ణి కూడా ఇక్కడికే తోలేసింది. "నీ తండ్రి, నీ మేనమామ, నీ షాపు. నువ్వే పడు" అని చేతులు దులుపుకుంది. ముప్పై నాలుగేళ్లొచ్చినా చిట్టి చిట్టే కదా, ఏ బరువైనా ఆమె నెత్తికే.

నాన్నది ఎడంచేతివాడి పార్టీ. మావయ్యది రాతిమొహంవాడి పార్టీ. గెలిచినా ఓడినా ఆ మనిషి మొహంలో కండ కదిలేది కాదు, అందుకే ఆ పేరు.

"నీ వాడికి బ్యాక్‌హ్యాండ్ ఉందా బావా అసలు? ఈగల్ని తోలుకున్నట్టుంటుంది."

"ఒరే బామ్మర్దీ, మట్టి కోర్టు మీద నీ వాడెప్పుడైనా నిలబడ్డాడా? మొహమే కాదురా, కాళ్లూ రాయే!"

ఖాతాదార్లని కూడా వదలరు. "మీరు చెప్పండి సార్, న్యాయంగా చెప్పండి" అని చెరో చెయ్యీ పట్టుకుంటారు. ఏం చెప్పినా ఒకరికి కోపం. ఇప్పుడు చాలామంది రాకెట్టుని గుమ్మంలో పెట్టి, వీధి మలుపు తిరిగాక ఫోన్ చేస్తున్నారు.

ఆ రోజు చిట్టికి మామూలుకంటే ఎక్కువ ఒళ్లు మండుతోంది. టోర్నమెంటు రాకెట్లు పదకొండు సాయంత్రానికి అందాలి. నాలుగింటికి టెన్నిస్ క్లబ్బు సెక్రటరీ వస్తాడు. ఆయన వచ్చేది గోడ మీది అద్దాల పెట్టె కోసం.

ఆ పెట్టెలో ఒక చెక్క రాకెట్టుంది. చిట్టి పుట్టకముందు ఎడంచేతివాడు ఈ ఊళ్లో ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడటానికొచ్చాడు. పొద్దున ప్రాక్టీసులో తీగ తెగింది. ఈ షాపుకే తెచ్చాడు. నాన్న గంటలో బిగించి ఇచ్చాడు. దానితోనే గెలిచి, సాయంత్రం మళ్లీ వచ్చి, పిడి మీద సంతకం పెట్టి, నాన్నకి కరచాలనం చేసి, రాకెట్టు ఆయనకే ఇచ్చేసి వెళ్లాడు. ఆ పెట్టె తాళంచెవి నాన్న జేబు దాటి ఎరగదు. దుమ్ము కూడా తనే తుడుస్తాడు. చేతులు పనికిరాకుండా పోయాక ఆయనకి మిగిలిన పరువంతా అందులోనే ఉంది. ఇప్పుడు క్లబ్బువాళ్లు దాన్ని కొత్త హాల్లో పెట్టి, కింద నాన్న పేరుతో బోర్డు తగిలిస్తామన్నారు. ఆయన తెల్లవారుజామునే లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం పెట్టె తెరిచి రాకెట్టు బయటికి తీసి తుడిచాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

"అదే చెప్తున్నా. ఎంత తుడిచినా ఆ రాకెట్టు బ్యాక్‌హ్యాండ్ ఎరగదు" అన్నాడు మావయ్య.

"ఎరగదా? చూడు, వాడెలా కొట్టేవాడో చూడు!" అంటూ నాన్న లేచి, ఎడంచేత్తో విసురుగా తిప్పాడు. బల్ల అంచుకి తగిలింది. టప్పుమని తీగ తెగింది.

"నువ్వే రెచ్చగొట్టావు!"

"నువ్వెందుకు ఊపావు?"

"నోళ్లు ముయ్యండి ఇద్దరూ!" అని చిట్టి అరిచిన అరుపుకి వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. నాన్న మొహం పాలిపోయింది. అది చూసి చిట్టికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రాకెట్టు లాక్కుని వెనక గదిలోకి వెళ్లి, దీపం కిందికి తెచ్చి చూసింది.

ఒక్క తీగ తెగినా మొత్తం విప్పి మళ్లీ అల్లాల్సిందే. ముందు తీగ కొసలకి వేసిన పాత ముళ్లు కొయ్యాలి. కటింగ్ ప్లయరు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

నాన్న ముడికి రెండు చుట్లు, కొస లోపలికి. ఇక్కడ మూడు చుట్లున్నాయి, కొస బయటికి పొడుచుకొచ్చింది. ఆ ముడి ఎవరిదో ఆమెకి బాగా తెలుసు. పని నేర్పేటప్పుడు నాన్నే పాత రాకెట్లు చూపించి, "ఇదిగో, మీ మావయ్యలా మాత్రం కట్టకు" అనేవాడు. పోస్టాఫీసులో ఉద్యోగం రాకముందు మావయ్య ఈ షాపులోనే పనిచేశాడు.

తల ఎత్తేసరికి మావయ్య లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేస్తున్నాడు.

"చూశావా?" అన్నాడు.

"నువ్వు బిగించావా ఇది?"

"మెల్లిగా. ఆ రోజు మీ నాన్న చేతులు ఇప్పటికంటే ఎక్కువ వణికాయే. దేవుడిలా కొలిచే మనిషి ఎదురుగా నిలబడ్డాడు మరి. తీగ రంధ్రంలోకి పోతేగా! బావని కబుర్లు చెప్తూ ముందు గదిలో ఉండమని, నేనిక్కడ బిగించా."

"నీకు వణకలేదా?"

"నాకెందుకు వణుకుతాయి? వాడంటే నాకు గౌరవమే లేదుగా! ఎడంచేతివాడైతేనేం, ఎదురింటి దర్జీ అయితేనేం?"

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో చిట్టికి తెలియలేదు. "కూర్చున్నా నిలబడ్డా వాదిస్తావు కదా మావయ్యా! ఈ ఒక్క దానికి నలభై ఏళ్లు నోరెలా మూసుకున్నావు?"

"దేనికి వాదించాలో దేనికి వాదించకూడదో తెలీదటే నాకు? ఆ ముళ్లు కోసి పారెయ్. మీ నాన్న ముడి వెయ్యి" అని, వెళ్తూ వెళ్తూ, "వాడికి బ్యాక్‌హ్యాండ్ లేని మాట మాత్రం నిజం" అన్నాడు.

చిట్టి కోసేసింది. పాత డబ్బాలో మిగిలిన, పేగుతో చేసే గట్ తీగ తీసి, ముసలి చెక్క విరక్కుండా మెత్తగా బిగించింది. రెండు చుట్లు, కొస లోపలికి. ముందు గదిలోంచి గంటసేపు ఒక్క మాటా వినపడలేదు. ఆ నిశ్శబ్దం కోసం ఆరేళ్లుగా మొక్కుకుంది గానీ, తీరా వచ్చాక రెండుసార్లు తలుపు సందులోంచి తొంగిచూసింది.

సరిగ్గా నాలుగింటికి సెక్రటరీ వచ్చాడు. చిట్టి రాకెట్టు తెచ్చి నాన్న చేతికిచ్చింది. ఆయన వణికే బొటనవేలితో తీగలన్నీ తడుముతూ పోయి, ముడి దగ్గర ఆగాడు. కూతురి వంక చూశాడు. ఆ మూడు చుట్లు ఎవరూ చూడకూడదనే ఆయన ఇన్నేళ్లూ తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదని చిట్టికి అప్పుడు అర్థమైంది. మావయ్య ఫ్యాను వంక చూస్తున్నాడు.

"బోర్డు మీద నా పేరొద్దండీ. ఆ రోజు బిగించింది వీడు" అన్నాడు నాన్న.

మావయ్య స్టూలు మీంచి లేచాడు. "అబద్ధం సార్! ముడి చూడండి. రెండు చుట్లు, అది ఆయన ముడే. నేను మూడేస్తా. కావాలంటే ఈ పిల్లని అడగండి!"

సెక్రటరీ చిట్టిని చూశాడు. నాన్నా చూశాడు.

"నాన్న ముడే" అంది చిట్టి.

నాన్న బావమరిది వైపు తిరిగి, "సరేరా. నీ రాతిమొహంవాడే గొప్ప" అన్నాడు.

"ఏంటీ?"

"వాడే గొప్ప. బ్యాక్‌హ్యాండూ వాడిదే."

మావయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే మొహం కందగడ్డయింది. "ఎవడడిగాడు నిన్ను? నలభై ఏళ్లు గొంతు చించుకుంది ఇలా ముష్టి వేయించుకోడానికా? వెనక్కి తీసుకో ఆ మాట!"

"తీసుకోను."

"తీసుకుంటావా లేదా?"

"చచ్చినా తీసుకోను!"

చిట్టి సెక్రటరీని గుమ్మం దాకా లాక్కుపోయింది. "ఇద్దరి పేర్లూ రాయించండి సార్, మీకు పుణ్యముంటుంది."

ఆయన మంచివాడే. పెన్ను తీసి కాగితం మీద పెట్టి, లోపలికి వినపడేలా అడిగాడు: "అలాగేనమ్మా. ఎవరి పేరు ముందు?"

లోపల అరుపులు ఠక్కున ఆగాయి.

"వాడిదే!" అన్నాడు నాన్న.

"బావదే! బావదే రాయండి!" అని మావయ్య పరిగెత్తుకొచ్చాడు.

చిట్టి వెనక గదిలోకి వెళ్లి, తలుపు గడియ వేసుకుని, టోర్నమెంటుకి ఇంకా మిగిలిన రాకెట్లలో ఒకటి తీసి మిషన్ మీద పెట్టింది.