దండెం వంతు

అమ్మ మీద తనకు నిజంగా ప్రేమ ఉండేదా అన్న అనుమానం ఆమెను ఏళ్ళ తరబడి వదల్లేదు. అమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు ఆమె సింకు దగ్గర ఉంది. ఫోన్ పెట్టేసి, మిగిలిన గిన్నెలు తోమి, పొయ్యిగట్టు తుడిచి, అందరికీ మధ్యాహ్నం డబ్బాలు సర్ది, అప్పుడు బయల్దేరింది. దారిలో కూడా కన్నీళ్ళు రాలేదు. ఆ ముచ్చట భర్త నలుగురు కూర్చున్న చోటల్లా చెప్పేవాడు. "తల్లి పోయిందంటే మా ఆవిడ గిన్నెలు తోముకుని మరీ వచ్చింది. గుండె కాదది, బండ." అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వి, ఖాళీ కప్పులు లోపలికి తీసుకెళ్ళేది. దేవుడి ముందు నిలబడినప్పుడు మాత్రం, నన్నిలా ఎందుకు చేశావు స్వామీ అని మెల్లగా అడిగేది. ఆయన ఇంతవరకూ బదులు చెప్పలేదు.

ఆ మంగళవారం పొద్దున పై అంతస్తు దర్జీ ఆవిడ కూతురు కనబడకుండా పోయింది. ఆరేళ్ళ పిల్ల. బంతి పట్టుకుని కిందికి దిగింది, బంతి మెట్ల దగ్గర దొరికింది, పిల్ల దొరకలేదు. తండ్రీ చుట్టుపక్కల మగవాళ్ళూ వీధులన్నీ గాలిస్తున్నారు. పిల్ల తిరిగొస్తే తలుపు తీయడానికి ఒకరుండాలని తల్లిని ఉండిపొమ్మన్నారు. ఏమైనా తెలిసిందేమోనని ఈమె పైకి వెళ్తే ఇంట్లో ఎవరూ లేరు, తలుపు బార్లా తీసి ఉంది. మేడమీద దర్జీ ఆవిడ పిల్ల గౌను దండెం మీద వేసి క్లిప్పులు పెడుతోంది. ఆ భవనంలో దండేలు తక్కువ. ఇంటికొక రోజు వంతు. వంతు తప్పితే మళ్ళీ వారం దాకా నానబెట్టిన బట్టల గతి అంతే. మంగళవారం దర్జీ ఆవిడది.

కిందికొచ్చి అత్తగారితో అంది, "ఆవిడ మేడమీద పిల్ల గౌను ఆరేసుకుంటోంది అత్తయ్యా, పాపం."

అత్తగారు కొడుక్కి చెప్పింది, కొడుకు భవనం వాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టాడు. అక్కడికి చేరేసరికి ఆ 'పాపం' ఊడిపోయింది. సాయంత్రానికి ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు వీడియోలో అడుగుతున్నాడు, బిడ్డ కనబడని తల్లి గౌను ఎందుకు ఉతికింది, దేన్ని కడిగేసింది అని. పోలీసులు దండెం మీది బట్టలన్నీ సంచుల్లో పెట్టి తీసుకెళ్ళారు. అది చూశాక జనానికి ఇంకేం కావాలి.

ఆ రెండు రోజులూ భోజనాల దగ్గర అదే గోల. "మరక ఉందట," అన్నాడు భర్త. "ఏ మనిషైనా ఆ టైములో బట్టలుతుకుతుందా? కొంచెం పులుసు వెయ్యి." "ఏడవను కూడా ఏడవలేదట్రా," అంది అత్తగారు. "ఏడ్చిందమ్మా, టీవీ వాళ్ళొచ్చాక. అదంతా నటన." ఏడిస్తే నటన, ఏడవకపోతే బండ. ఆమె గరిటె పట్టుకుని నిలబడి వింటోంది. వినగా వినగా ఆమెకే తికమక మొదలైంది. ఆ రోజు గౌను నీలం రంగుదా, ఆకుపచ్చదా? దర్జీ ఆవిడ తనను చూసి ఉలిక్కిపడిందా, లేక తనే తలుపు దగ్గర తడబడిందా? కళ్ళు మూసుకుంటే గౌను అంచున గోధుమరంగు మరక కూడా కనిపిస్తోంది. అది తను చూసిందో, చూసినవాళ్ళలా మాట్లాడేవాళ్ళు తెచ్చి పెట్టిందో తేల్చుకోలేకపోయింది.

గురువారం పోలీసు అధికారిణి వచ్చి కూర్చుంది. "గౌను మీద మరక మీరే చూశారటగా?"

"చూసింది మేడమ్, మా ఆవిడ..." అంటూ భర్త అందుకున్నాడు.

"ఆవిడను చెప్పనివ్వండి."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా. "మరక సంగతి విన్నానండీ. చూసింది వేరే. ఒక్కో బట్ట ఆరేసి ఒక్కోసారి పిట్టగోడ దగ్గరికెళ్ళి వీధిలోకి చూసేది. మళ్ళీ ఇంకోటి ఆరేసేది. అంతే చూశాను."

అధికారిణి వెళ్ళగానే భర్త విరుచుకుపడ్డాడు. "పెద్ద సాక్షివి బయల్దేరావు. రేపు ఆవిడే చేసిందని తేలితే?"

"తెలియదండీ," అంది ఆమె.

నిజంగానే తెలియదు. మర్నాడు పొద్దున్నే పైకి వెళ్ళినప్పుడు కూడా, అందరిలాగే ఆ మొహంలో ఏదో వెతికింది. వెతుకుతున్నానని గమనించి సిగ్గుపడింది. దర్జీ ఆవిడ ఒంటి మీద మంగళవారం నాటి బట్టలే ఉన్నాయి. మూలన బకెట్ లో దుప్పట్లు కుళ్ళు వాసన వేస్తున్నాయి. "పోలీసులు కావలసినవి తీసుకెళ్ళారు, మిగతావి ఉతుక్కోమన్నారు అక్కా," అంది ఆవిడ. "కొళాయి తిప్పితే చాలు, కింద ఎవరో వీడియో తీయడానికి ఫోన్ పైకెత్తుతున్నారు. ఆ రోజు నేనెందుకు ఆరేశానో నాకే తెలియడం లేదు. ఏదో ఒకటి చేస్తూ ఉంటే వచ్చేస్తుందనుకున్నానేమో."

ఆమె గిన్నెల సంగతి చెబుదామనుకుని చెప్పలేకపోయింది. దానికి బదులు ఇంకోటి గుర్తొచ్చింది. అత్తగారు మంచాన పడ్డప్పుడు పక్కబట్టలు రోజూ ఉతకాల్సి వచ్చి, ఈవిడ మంగళవారం వంతు ఒకటి తను అడిగి తీసుకుంది. నా శుక్రవారం వంతు నీకిస్తాలే అంది. అత్తగారు లేచి తిరగడం మొదలుపెట్టి ఎన్నాళ్ళో అయింది. ఈవిడ ఎప్పుడూ అడగలేదు, తను ఇవ్వలేదు.

"ఇవాళ శుక్రవారం," అంటూ బకెట్ ఎత్తింది.

మధ్యాహ్నం మేడమీద దండేల నిండా దర్జీ ఆవిడ దుప్పట్లు ఎగురుతున్నాయి. కింద ఎవరో ఫోన్ పైకెత్తారు. ఆమె తల తిప్పుకోలేదు.

సాయంత్రం భర్త బాత్రూములో నానుతున్న చొక్కాలు చూసి నిలబడిపోయాడు. "ఇవేంటి ఇంకా ఇక్కడే ఉన్నాయి? రేపేం వేసుకోను?"

"ఆవిడ బట్టలు నువ్వు ఉతికి ఆరేయడమేంటే?" అంది అత్తగారు. "చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఇవాళ వంతు ఆవిడది అత్తయ్యా," అంది ఆమె. "నా దగ్గరే ఉండిపోయింది. ఇచ్చేశాను."